చిన్న మిర్రర్‌లెస్ కెమెరా: అద్దం తీసేస్తే తగ్గిందేమిటి, తగ్గనిదేమిటి

కెమెరా దుకాణంలో ఒకే అరలో రెండు మిర్రర్‌లెస్ కెమెరాలు కనిపిస్తాయి. ఒకటి లెన్సుతో కలిపినా అరకిలో తూగదు, చేతిసంచీలో ఇమిడిపోతుంది. రెండోదానికి పెద్ద జూమ్ బిగించేసరికి కిలోన్నరకు దగ్గరవుతుంది. రెండు పెట్టెల మీదా మిర్రర్‌లెస్ అనే రాసి ఉంటుంది. మిర్రర్‌లెస్ అంటే చిన్న కెమెరా అని విని వెళ్లినవారికి గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఆ పేరు చెప్పేది లోపల అద్దం లేదని మాత్రమే. కెమెరా చిన్నదవుతుందో లేదో తేల్చేవి వేరే ఉన్నాయి.

క్లుప్తంగా: అద్దం తీసేయడం వల్ల తగ్గింది ప్రధానంగా బాడీ మందం. లెన్సు పరిమాణాన్ని నిర్ణయించేవి సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే పలక) వైశాల్యం, అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే ద్వారం), ఫోకల్ దూరం (లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గర చేస్తుందో చెప్పే కొలత). అందుకే చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు ఉన్న ఆకర్షణ చిన్న లెన్సు వాడినంతవరకే నిలుస్తుంది. ఆ చిన్నతనానికి బదులుగా బ్యాటరీ, షట్టర్, వేడి, పట్టు విషయాల్లో కొన్ని రాజీలు పడాలి. వాటిలో చాలావాటికి పరిష్కారం ఉంది, కొన్నిటికి లేదు.

అద్దం ఆక్రమించిన చోటు

అద్దం ఉన్న పాత తరహా కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగు నేరుగా సెన్సర్‌ను చేరదు. దారిలో 45 డిగ్రీల వాలుగా ఒక అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి మళ్లిస్తే, పైనున్న పెంటాప్రిజం కుడి ఎడమలు తారుమారైన బొమ్మను సరిచేసి కంటికి అందిస్తుంది. ప్రధాన అద్దం వెనక మరో చిన్న అద్దం కొంత వెలుగును అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. బటన్ నొక్కగానే రెండు అద్దాలూ మడుచుకుని పైకి లేస్తాయి, షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది, అద్దాలు మళ్లీ కిందికి దిగుతాయి. డీఎస్‌ఎల్‌ఆర్ చప్పుడులో పెద్ద వాటా ఈ కదలికదే.

అద్దం లేచి దిగాలంటే లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య ఖాళీ ఉండాలి. లెన్సు బిగించే లోహపు వలయం (మౌంట్) నుంచి సెన్సర్ వరకు ఉన్న ఈ దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఇది 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. అద్దం లేని మౌంట్లలో సోనీ ఈ 18, ఫుజీఫిల్మ్ ఎక్స్ 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్ 20, నికాన్ జెడ్ 16 మి.మీ. మాత్రమే. అంటే ఒక్క దెబ్బకు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల దాకా మందం తగ్గే వీలు దొరికింది. నెత్తిన ఉండే ప్రిజం మూపురం కూడా అక్కర్లేకుండా పోయింది.

బరువు మాత్రం అంత తేలిగ్గా తగ్గదు. నికాన్ డి3500 అనే డీఎస్‌ఎల్‌ఆర్ బ్యాటరీ, కార్డుతో 415 గ్రాములు. అదే కంపెనీ 2019లో తెచ్చిన మిర్రర్‌లెస్ జెడ్50 అదే లెక్కన 450 గ్రాములు. అద్దమూ ప్రిజమూ పోయినా బరువు పెరిగింది! డి3500 ప్లాస్టిక్ బాడీతో, అద్దాల పెట్టెలాంటి చవక పెంటామిర్రర్‌తో తేలిక కోసమే కట్టిన కెమెరా. జెడ్50లో పెద్ద మౌంట్, మెగ్నీషియం మిశ్రమం, లోతైన పట్టు వచ్చి చేరాయి. తీసేసిన చోటును కంపెనీ దేనితో నింపిందన్నది అద్దం తీసేయడం కన్నా ముఖ్యమైన ప్రశ్న.

సోనీ 2019లోనే విడుదల చేసిన రెండు కెమెరాలను పక్కపక్కన పెడితే గ్రాములు ఎక్కడ చేరతాయో ఇంకా స్పష్టమవుతుంది. ఎ6400 బరువు 403 గ్రాములు, ఎ6600 బరువు 503 గ్రాములు. రెండిటిలో సెన్సర్ సైజు ఒకటే, మౌంట్ ఒకటే. తేడా వంద గ్రాములూ పెద్ద బ్యాటరీ, ఆ బ్యాటరీని మింగే లావుపాటి పట్టు, సెన్సర్‌ను కదిలించి చేతి వణుకును సరిచేసే యంత్రాంగం తెచ్చినవే. ఆ వంద గ్రాములు వృథా అనలేం. కొనేవారు తాము దేనికి బరువు మోస్తున్నారో తెలిసి మోస్తే చాలు.

2008 నుంచి ఇప్పటిదాకా

అద్దం లేకుండా లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరా అంతకు ముందే ఉంది. ఎప్సన్ ఆర్-డి1 2004లో వచ్చింది. అయితే అది రేంజ్‌ఫైండర్ పద్ధతిది, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. నేటి మిర్రర్‌లెస్ మార్గం మొదలైంది 2008 ఆగస్టులో ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ ప్రమాణాన్ని ప్రకటించినప్పుడు. మరుసటి నెలలోనే పానసోనిక్ జి1ను ప్రకటించింది. చూడటానికి అది చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లాగే ఉండేది.

చిన్న కెమెరా మోజుకు రూపమిచ్చింది మాత్రం 2009 జూన్‌లో ప్రకటించిన ఒలింపస్ ఇ-పి1. దాని మూలం 1959 నాటి ఒలింపస్ పెన్. యోషిహిసా మైతాని రూపొందించిన ఆ ఫిల్ము కెమెరా ఒక ఫ్రేము చోటులో రెండు ఫొటోలు తీసేది, 36 ఫొటోల రీలులో 72 పడేవి. యాభై ఏళ్ల తర్వాత అదే పేరుతో, అదే పలచని ఆకారంతో డిజిటల్ కెమెరా రావడం జనాన్ని పట్టేసింది. అదే ఏడాది పానసోనిక్ జిఎఫ్1, దానితో 100 గ్రాముల 20 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు వచ్చాయి (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అపెర్చర్ అంత వెడల్పు). పలచని బాడీకి పలచని వెడల్పు అపెర్చర్ లెన్సు జోడించే పద్ధతి అక్కడ స్థిరపడింది. నేటికీ చిన్న కెమెరా కోరుకునేవారు వెతికేది ఆ జోడీలాంటిదే.

2010లో సోనీ నెక్స్-5 మైక్రో ఫోర్ థర్డ్స్ కన్నా పెద్దదైన ఏపీఎస్-సి సెన్సర్‌ను బాగా పలచని బాడీలో పెట్టి చూపింది. 2011లో పెంటాక్స్ క్యూ, నికాన్ 1 ఇంకా చిన్న సెన్సర్లతో వచ్చాయి. 2012లో కెనాన్ ఇఓఎస్ ఎం వచ్చింది. 2013లో పానసోనిక్ జిఎం1 బ్యాటరీ, కార్డుతో కలిపి 204 గ్రాములకు దిగింది. 70 గ్రాముల 12-32 మి.మీ. జూమ్ కలిపినా మొత్తం 274 గ్రాములు. లెన్సు మార్చుకునే కెమెరాల్లో అంతకన్నా పొందికైనది చాలా అరుదు.

ఆ 2013లోనే గాలి మళ్లింది. సోనీ ఎ7తో పూర్తి 35 మి.మీ. ఫిల్ము పరిమాణపు సెన్సర్, అంటే ఫుల్‌ఫ్రేమ్, మిర్రర్‌లెస్‌లోకి వచ్చింది. మరోవైపు ఫోన్లు చవక డిజిటల్ కెమెరాల మార్కెట్టును తినేస్తున్నాయి. 2010లో ప్రపంచమంతటా సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు సరఫరా కాగా, తర్వాతి పదేళ్లలో ఆ సంఖ్య కోటి లోపుకు పడిపోయింది. తక్కువ అమ్మి ఎక్కువ లాభం పొందాలంటే ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ వైపు వెళ్లక తప్పని పరిస్థితి కంపెనీలది. 2018లో నికాన్ జెడ్, కెనాన్ ఆర్ వరుసలు అక్కడికే వచ్చాయి. 2020లో మిర్రర్‌లెస్ సరఫరా డీఎస్‌ఎల్‌ఆర్‌ను దాటింది. ఈ గెలుపులో చిన్న కెమెరాలే నలిగిపోవడం బాధ కలిగించే విషయం. నికాన్ 1 వరుస 2018లో మూతపడింది. శాంసంగ్ ఎన్‌ఎక్స్, పెంటాక్స్ క్యూ, కెనాన్ ఈఎఫ్-ఎం కూడా ఆగిపోయాయి. వాటి లెన్సులు కొన్నవారికి కొత్త బాడీ దొరికే దారి లేదు. కెమెరా కొనేటప్పుడు మౌంటు భవిష్యత్తును కూడా చూడాలనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఈమధ్య గాలి మళ్లీ కొంత తిరిగింది. 2020లో సోనీ ఎ7సి, 2024లో పానసోనిక్ ఎస్9, ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎం5, 2025లో ఎక్స్-ఇ5 వచ్చాయి. పెద్ద కంపెనీలు చిన్న బాడీల మీద మళ్లీ డబ్బు పెడుతున్నాయి.

అసలు లెక్క లెన్సు దగ్గర

అద్దం పోవడం ఏ లెన్సులకు మేలు చేసింది, ఏ లెన్సులకు చేయలేదు అన్నది తెలిస్తే సగం అయోమయం తీరిపోతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనక భాగం అద్దానికి తగలకూడదు కాబట్టి సెన్సర్‌కు నాలుగు సెంటీమీటర్ల అవతలే ఆగిపోవాలి. 24 మి.మీ. లెన్సు సహజంగా సెన్సర్‌కు దగ్గరగా ఉండాల్సింది. దాన్ని బలవంతంగా దూరం జరపాలంటే ముందువైపు అదనంగా గాజు కటకాలు పెట్టి వెలుగును వంచాలి. పొడవు, బరువు, ఖర్చు మూడూ పెరుగుతాయి. అద్దం లేకపోతే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. అందుకే ఏపీఎస్-సి, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 20 నుంచి 30 మి.మీ. మధ్య అప్పచ్చుల్లాంటి పలచని లెన్సులు పుట్టుకొచ్చాయి. కెనాన్ ఈఎఫ్-ఎం 22 మి.మీ. ఎఫ్/2 బరువు 105 గ్రాములు. ఫుజీఫిల్మ్ తొలి 27 మి.మీ. ఎఫ్/2.8 అయితే 80 గ్రాములు కూడా లేదు. ఇక్కడా ఒక హద్దు ఉంది. సెన్సర్ అంచుల్లో మరీ ఏటవాలుగా పడే వెలుగును పిక్సెళ్లు సరిగ్గా పట్టుకోలేవు, మూలలు నల్లబడతాయి, రంగు మారుతుంది. కాబట్టి లెన్సును సెన్సర్‌కు పూర్తిగా ఆనించలేరు.

దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్సులకు ఈ మేలేమీ లేదు. ఫోకల్ దూరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు దూరే ద్వారం వ్యాసం వస్తుంది. 200 మి.మీ. ఎఫ్/2.8 లెన్సుకు అది 71 మి.మీ. ముందరి గాజు అంతకన్నా చిన్నది కావడం అసాధ్యం. వెనక అద్దమున్నా లేకున్నా ఆ గాజు అంతే బరువు. ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/2.8 జూమ్‌ల సంగతీ అంతే. సోనీ తొలి 24-70 మి.మీ. జి మాస్టర్ లెన్సు 886 గ్రాములు. దాన్ని 509 గ్రాముల ఎ7సికి తగిలిస్తే మొత్తం 1,395 గ్రాములు, పైగా బరువంతా ముందుకు వాలి మణికట్టు లాగేస్తుంది. అదే బాడీకి 173 గ్రాముల 40 మి.మీ. ఎఫ్/2.5 పెడితే 682 గ్రాములే. ఒకే కెమెరా, బరువులో రెండింతల తేడా.

సెన్సర్ చిన్నదైతే లెన్సు కూడా చిన్నదవుతుందన్నది నిజమే, అయితే దానికి ధర చెల్లించాలి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., అంటే 864 చదరపు మి.మీ. ఏపీఎస్-సి సుమారు 367. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13 మి.మీ., అంటే 225. సెన్సర్ వైశాల్యం నాలుగో వంతుకు దగ్గరైతే, అదే అపెర్చర్‌లో అది పట్టే మొత్తం వెలుగు కూడా నాలుగో వంతే. రాత్రి ఫొటోల్లో చుక్కలు చుక్కలుగా కనిపించే నాయిస్ ఆ మేరకు పెరుగుతుంది.

ముఖాల ఫొటోలకు (పోర్ట్రెయిట్) వాడే లెన్సులను పోల్చి చూద్దాం. ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్/1.8 బరువు 116 గ్రాములు. అది చూపే దృశ్య కోణం ఫుల్‌ఫ్రేమ్‌లో 90 మి.మీ. లెన్సుతో సమానం. సోనీ ఫుల్‌ఫ్రేమ్ 85 మి.మీ. ఎఫ్/1.8 బరువు 371 గ్రాములు. మూడింతల తేడా చూసి ఒలింపస్ గెలిచిందనుకోవచ్చు. నిజానికి వెనక దృశ్యం మసకబారే తీరులో ఒలింపస్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/3.6కు మాత్రమే సమానం. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఆ మసకను రాబట్టాలంటే వోయిట్‌లాండర్ 42.5 మి.మీ. ఎఫ్/0.95 లాంటిది కావాలి. దాని బరువు 571 గ్రాములు, ఆటోఫోకస్ ఉండదు. వెలుగునూ మసకనూ సమానంగా కోరితే చిన్న సెన్సర్ బరువు తగ్గించదు. "నాకు ఎఫ్/3.6 అంత మసక చాలు" అనుకునేవారికి మాత్రం ఆ 116 గ్రాముల లెన్సు అమృతం లాంటిది. చాలామందికి అది చాలు కూడా.

బాడీతో కలిపి అమ్మే కిట్ లెన్సులు చిన్నబడిన దారి ఇంకొకటి. వాటి గొట్టం లోపలికి ముడుచుకుంటుంది, జూమ్ చేసినకొద్దీ అపెర్చర్ ఎఫ్/5.6 లేదా ఎఫ్/6.3కు పడిపోతుంది, వంకర గీతలను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. సోనీ 16-50 మి.మీ. పవర్ జూమ్ 116 గ్రాములకు దిగింది ఇలాగే. సరిచేయని రా ఫైలు చూస్తే 16 మి.మీ. దగ్గర అంచులు పీపాలా ఉబ్బి, మూలలు నల్లగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని సాగదీసి నిటారు చేసినప్పుడు మూలల్లో స్పష్టత తగ్గుతుంది. భవనాలు, గోపురాలు ఫొటో తీసేవారు ఆ లెన్సును 18-20 మి.మీ. దగ్గర, ఎఫ్/8లో వాడితే తేడా కనిపిస్తుంది.

తెర మీద ముందే కనిపించే ఫొటో

చిన్నతనం ఒక్కటే ఆకర్షణ కాదు. కన్ను ఆనించి చూసే మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో కనిపించేది సెన్సర్ చూస్తున్న బొమ్మే. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) ఎక్కువైతే బొమ్మ తెల్లబడిపోవడం, వైట్ బ్యాలెన్స్ తప్పితే పసుపెక్కడం బటన్ నొక్కకముందే కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు అపెర్చర్, షట్టర్, ఐఎస్ఓ (అందిన వెలుగును కెమెరా పెంచి చూపే స్థాయి) మధ్య సంబంధాన్ని కళ్లతో చూసి పట్టుకోగలరు.

ఫోకస్ కూడా అదే సెన్సర్ మీద జరుగుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ సెన్సర్ వేరు, ఫొటో సెన్సర్ వేరు. రెండిటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా కన్ను బదులు ముక్కు మీదో చెవి మీదో ఫోకస్ పడేది. మిర్రర్‌లెస్‌లో ఆ రోగానికి మూలమే లేదు. ముఖాన్నీ, కంటినీ గుర్తుపట్టి వెంటాడే ఫోకస్ సాధ్యమైంది కూడా సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉండటం వల్లే.

సెకండ్ హ్యాండ్ కొనేవారు ఒక్కటి గమనించాలి. తొలి తరం కెమెరాల్లో కాంట్రాస్ట్ పద్ధతి ఫోకస్ మాత్రమే ఉండేది. లెన్సు ముందుకూ వెనక్కూ ఊగి స్పష్టత ఎక్కడ ఎక్కువో వెతుక్కుంటుంది. ఎటు కదలాలో ముందే చెప్పే ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్లు మిర్రర్‌లెస్ సెన్సర్ మీదికి వచ్చింది 2011లో నికాన్ 1తో. పానసోనిక్ ఆ పద్ధతికి మారింది 2023లో ఎస్5 రెండో తరంతోనే. కాబట్టి జిఎం1, నెక్స్-5 వంటివి నిలకడగా ఉన్న దృశ్యాలకు భేషుగ్గా పనిచేస్తాయి, పరుగెత్తే పిల్లల దగ్గర తడబడతాయి.

చాలా చిన్న బాడీల్లో వ్యూఫైండరే ఉండదు. వేసవి మధ్యాహ్నపు ఎండలో వెనక తెర మీద ఏమీ కనిపించదు. సోనీ మెనూలో సన్నీ వెదర్ అనే వెలుగు స్థాయి ఉంది, అది ఆన్ చేస్తే కనిపిస్తుంది గానీ బ్యాటరీ త్వరగా కరుగుతుంది. ఎక్కువగా ఆరుబయట తీసేవారు వ్యూఫైండర్ లేని బాడీని దుకాణం బయటికి తెచ్చి ఎండలో చూసి కొనడం మంచిది.

స్టూడియో ఫ్లాష్ వాడేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. 1/160 సెకను, ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టగానే గదిలో వ్యూఫైండర్ నల్లబడిపోతుంది. కెమెరా చెడిపోలేదు, ఫ్లాష్ లేకుండా ఫొటో అలాగే వస్తుందని చూపిస్తోంది. ఎక్స్‌పోజర్ ముందుగా చూపే అమరికను మెనూలో ఆఫ్ చేస్తే తెర మామూలుగా వెలుగుతుంది.

నిశ్శబ్ద షట్టర్, పెళ్లి మండపంలో చారలు

మిర్రర్‌లెస్ కెమెరాలు ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఏ చప్పుడూ లేకుండా ఫొటో తీయగలవు. కచేరీలో తంబూరా శ్రుతి మధ్య, ముహూర్త సమయంలో వధూవరుల పక్కనే నిలబడి తీసేవారికి ఇది గొప్ప వరం. అయితే ఇంటికొచ్చి చూస్తే ఫొటోలకు అడ్డంగా చారలు కనిపించాయనే ఫిర్యాదు కూడా వీరి నుంచే వస్తుంది.

కారణం ఇది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతాయి. ఒక్కో అలకు పది మిల్లీసెకన్లు. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. మొత్తం చదవడానికి 1/25 సెకను, అంటే 40 మిల్లీసెకన్లు పట్టే సెన్సర్ అనుకుంటే, ఆ లోగా దీపం నాలుగు సార్లు మసకబారుతుంది. షట్టర్ వేగం 1/500 పెడితే ఫొటోలో నాలుగు నల్లచారలు ఖాయం. వేగాన్ని 1/100 లేదా 1/50కి తగ్గిస్తే ప్రతి వరుసకూ పూర్తి అలలు అందుతాయి, చారలు పోతాయి. రిసెప్షన్ వేదికల ఎల్‌ఈడీ గోడలు, రంగుల స్పాట్ లైట్లు ఈ 100 లెక్కకు లొంగవు, వాటి మిణుకు వేగం వేరు. అక్కడ మెకానికల్ షట్టర్‌కు మారడమే దారి. దాని తెర సుమారు నాలుగు మిల్లీసెకన్లలో సెన్సర్‌ను దాటేస్తుంది కాబట్టి చారలు చాలావరకు తగ్గుతాయి. నెమ్మదిగా చదివే సెన్సర్‌తో కదిలే వస్తువులు కూడా ఒంగిపోతాయి. కారులోంచి తీస్తే కరెంటు స్తంభాలు వాలిపోయినట్టు పడతాయి.

అతి వేగంగా చదివే సెన్సర్లు ఈ చిక్కును దాదాపు తీర్చేశాయి. 2021 నాటి నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు. 2023లో ప్రకటించిన సోనీ ఎ9 మూడో తరం అన్ని వరుసలనూ ఒకేసారి చదువుతుంది. అవి ఖరీదైన పెద్ద బాడీలు. చిన్న బాడీల్లో చోటు, ఖర్చు ఆదా కోసం షట్టర్‌లోనే కోత పడుతోంది. ఎ7సిలో మొదటి తెర ఎప్పుడూ ఎలక్ట్రానిక్, రెండోది మాత్రమే మెకానికల్. ఎఫ్/1.8 వంటి అపెర్చర్‌తో 1/2000 దాటిన వేగంలో తీస్తే వెనక మసక చుక్కలు కోసినట్టు సగమే కనిపించవచ్చు. ఎస్9లో మెకానికల్ షట్టర్ అసలు లేదు, పైనున్న ఫ్లాష్ గట్టుకు విద్యుత్ కనెక్షన్ లేదు. 486 గ్రాముల ఫుల్‌ఫ్రేమ్ అంటే ఆకర్షణే, కానీ ఫ్లాష్ పెట్టి పెళ్లిళ్లు తీసేవారికి అది పనికిరాదు.

బ్యాటరీ, వేడి, దుమ్ము, బూజు

డి3500 ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. 1,020 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న సోనీ ఎ6000కు అదే పరీక్షలో 310 నుంచి 360. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కన్ను చూసేది అద్దంలోని వెలుగును, దానికి కరెంటు అక్కర్లేదు. మిర్రర్‌లెస్‌లో చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర, ప్రాసెసర్ మూడూ పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ఇక్కడ ఖర్చు ఫొటోల లెక్కన కాక నిమిషాల లెక్కన జరుగుతుంది. వరుసగా తీసేస్తే వెయ్యి కూడా రావచ్చు, ఊరికే ఆన్‌లో ఉంచి తిరిగితే రెండు వందలకే అయిపోవచ్చు. పవర్ సేవ్ సమయాన్ని ఒక నిమిషానికి పెట్టడం, వాడనప్పుడు బ్లూటూత్ ఆపడం, రోజుకు రెండు అదనపు బ్యాటరీలు ఉంచుకోవడం సరిపోతాయి. యూఎస్‌బీ-సి ద్వారా పవర్ బ్యాంకుతో చార్జయ్యే బాడీలు ప్రయాణాల్లో చాలా మేలు.

పలచని బాడీలో 4కె వీడియో అంటే వేడి తప్పదు. వణుకు సరిచేసే సెన్సర్ అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది కాబట్టి దాని వేడి బాడీ లోహానికి సులువుగా చేరదు. తెరను బాడీ నుంచి విప్పి బయటికి తెరవడం, కెమెరాను నీడలో ఉంచడం, పదేసి నిమిషాల ముక్కలుగా తీయడం, మెనూలో వేడికి ఆగిపోయే హద్దును పెంచడం పనికొస్తాయి. గంటసేపు ఆగకుండా నాట్య ప్రదర్శన తీయాలంటే చిన్న బాడీని నమ్ముకోకూడదు.

లెన్సు విప్పగానే చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సర్ గాలికి తెరుచుకుంటుంది, ముందు అద్దమూ షట్టరూ కాపలా ఉండవు. లెన్సు మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, మౌంటు నేలవైపు తిప్పి, రెండో లెన్సు మూత ముందే వదులు చేసి ఉంచుకుంటే సెన్సర్ బయట ఉండేది రెండు మూడు సెకన్లే. దుమ్ము చేరిందో లేదో చూడాలంటే ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లటి ఆకాశాన్ని తీయాలి. ఎప్పుడూ ఒకే చోట బూడిద రంగు చుక్కలు కనిపిస్తే అవి సెన్సర్ మీదివే. మొదట రబ్బరు బ్లోవర్‌తో ఊదాలి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, డబ్బాలో నింపిన గాలి చల్లటి ద్రవాన్ని చిమ్ముతుంది. అవి రెండూ వద్దు. బ్లోవర్‌కు పోని మరకలకు సెన్సర్ ఎత్తుకు తగిన స్వాబ్ (తుడిచే పుల్ల), ఏపీఎస్-సికి 16 మి.మీ., ఫుల్‌ఫ్రేమ్‌కు 24 మి.మీ., రెండు చుక్కల ద్రవంతో ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు. వాడిన స్వాబ్‌ను మళ్లీ వాడకూడదు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, పెద్ద ముప్పు లెన్సు లోపల పుట్టే బూజు. గాజు మీద సాలెగూడులా అల్లుకుని పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగులుతుంది. తోలు సంచీలో పెట్టి బీరువాలో మరచిపోవడం దానికి ఆహ్వానమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ కొలిచే మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే చాలు. మరీ పొడిబారితే కందెన నూనె, రబ్బరు భాగాలు ఎండిపోతాయి. ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి దిగగానే కెమెరా బయటికి తీస్తే గాజు మీద నీరు పడుతుంది. ఇరవై నిమిషాలు సంచీలోనే ఉంచి తీయాలి.

పాత లెన్సులకు కొత్త బతుకు

ఫ్లాంజ్ దూరం తగ్గడం వల్ల వచ్చిన ఒక లాభం ఎవరూ ముందు అంతగా ఊహించనిది. నికాన్ ఎఫ్ లెన్సును సోనీ ఈ బాడీకి తగిలించాలంటే 46.5 నుంచి 18 తీసేసి, 28.5 మి.మీ. ఖాళీ వలయం పెడితే చాలు. అందులో గాజు అక్కర్లేదు. నలభై ఏళ్ల నాటి 50 మి.మీ. లెన్సులు, కెనాన్ ఎఫ్‌డి, ఎం42 మరలవి, అన్నీ ఇలా పనిచేస్తాయి. లెన్సు లేకుండా షట్టర్ పడే అమరికను ఆన్ చేయాలి, వణుకు సరిచేసే బాడీ అయితే ఫోకల్ దూరాన్ని చేత్తో నమోదు చేయాలి, ఫోకస్ అందిన అంచులను రంగుతో చూపే ఫోకస్ పీకింగ్‌ను ఎరుపు పెట్టుకోవాలి. వలయం ఒక్క వెంట్రుకంత మందమైనా దూరపు కొండల మీద ఫోకస్ అందదు. అందుకే చవక వలయాలను కావాలనే కాస్త పలచగా చేస్తారు, వాటిలో దూరం గీత మీది అంకెలను నమ్మకూడదు. పాత నికాన్ ఏఎఫ్-డి లెన్సులను మర తిప్పే మోటారు డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలో ఉండేది కాబట్టి ఎఫ్ లెన్సులను జెడ్ బాడీకి కలిపే నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద కూడా వాటికి ఆటోఫోకస్ రాదు. వలయం బిగించిన ప్రతిసారీ అద్దం తీసేయడం వల్ల ఆదా అయిన మూడు సెంటీమీటర్లూ తిరిగి వచ్చి చేరతాయి. ఆ లెన్సుల గీత, రంగు, చేతికి తగిలే మెత్తటి తిప్పుడు నచ్చినవారికి అది నష్టమనిపించదు.

చేతిలో ఫోన్ ఉండగా

ఫోన్ ప్రధాన కెమెరా నిజమైన ఫోకల్ దూరం సుమారు 7 మి.మీ. ఎఫ్/1.8 అయితే వెలుగు దూరే ద్వారం 4 మి.మీ. మాత్రమే. పైన చెప్పిన 116 గ్రాముల 45 మి.మీ. లెన్సుకు అది 25 మి.మీ. ముఖం వెనక దృశ్యం కరిగిపోవడం ప్రధానంగా ఆ ద్వారం వెడల్పు మీద ఆధారపడుతుంది. ఫోన్ ఆ మసకను లెక్కగట్టి గీస్తుంది, అందుకే జడలో విడిపోయిన వెంట్రుకల దగ్గర, కళ్లజోడు అంచుల దగ్గర అతుకు కనిపిస్తుంది. పట్టపగలు విశాలమైన దృశ్యానికి మాత్రం ఫోన్ ఫొటోకూ చిన్న కెమెరా ఫొటోకూ తేడా పట్టుకోవడం కష్టమే. ఆ ఒక్క పనికి కెమెరా కొనడం దండగ.

బేరానికి ముందు చూడాల్సినవి

ముందు లెన్సు ఎంచుకుని తర్వాత బాడీ వైపు రావడం సరైన క్రమం. రోజూ మోయగల బరువు మొత్తం ఎంతో అనుకోవాలి. 500 గ్రాముల లోపు కావాలంటే ఏపీఎస్-సి బాడీకి కిట్ జూమో, పలచని ప్రైమో (జూమ్ లేని లెన్సు). ఎ6000కు 344, 16-50కి 116 కలిపి 460 గ్రాములు. ఎఫ్/2.8 జూమ్ తప్పనిసరైతే ఏపీఎస్-సికి సిగ్మా 18-50 మి.మీ. 290 గ్రాములకే దొరుకుతుంది. చిన్న కెమెరాతో పెళ్లి పని చేయాలనుకునేవారికి అంతకన్నా పొందికైన జోడీ దొరకడం కష్టం. పక్షులు, క్రీడలు తీసేవారు బాడీ చిన్నతనాన్ని మరచిపోవడమే మంచిది. పెద్ద లెన్సుకు లోతైన పట్టు లేకపోతే అరగంటలో వేళ్లు నొప్పెడతాయి.

సెకండ్ హ్యాండ్ బాడీ అయితే దుకాణంలోనే లెన్సు విప్పి మౌంటు వలయం అరిగిందేమో, సెన్సర్ గాజు మీద గీత పడిందేమో దీపపు కాంతిలో ఏటవాలుగా చూడాలి. ఎఫ్/16లో తెల్ల గోడను ఒకటి, లెన్సు మూత పెట్టి 30 సెకన్ల ఫొటో ఒకటి తీయాలి. మొదటిది దుమ్మును, రెండోది చెడిపోయి ఎప్పుడూ వెలుగుతూ ఉండే పిక్సెళ్లను బయటపెడుతుంది. ముడుచుకునే పవర్ జూమ్‌ను పదిసార్లు ఆన్ ఆఫ్ చేయాలి. దాని లోపలి రిబ్బన్ తీగ అలసిపోయి ఉంటే ఆ పదిసార్లలో ఒకసారైనా గొట్టం సగంలో ఆగిపోతుంది.